దరువు పట్టిన అడుగు

ఒక రోలు, ఇద్దరు ఆడవాళ్లు, రెండు రోకళ్లు. ఒకరి రోకలి పైకి లేస్తున్నప్పుడే రెండోవారిది కిందికి దిగాలి. రెప్పపాటు తేడా వచ్చినా రోకళ్లు ఢీకొంటాయి, గింజలు చెదురుతాయి. దంపుడు పాట అక్కడ పుట్టింది. ఆ పాటల్ని మనం జానపద సాహిత్యమని సేకరించి అచ్చు వేసుకున్నాం గానీ, దంచేవాళ్లకు అది మొదట చేతులకు వేళ చెప్పే సాధనం. పల్లకీ బోయీల ఓహోం, పడవ లాగేవాళ్ల హైలెస్సా, నాట్లేసే కూలీల పాట, అన్నీ ఆ పనికే. చెవిన పడ్డ దరువు మనసును అడక్కుండానే ఒంటిని కదిలిస్తుందని వాళ్లకు అనుభవంలో తెలుసు.

పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయినవాళ్లకు ఇదే సూత్రం పనికొస్తుందా అని ముప్పై ఏళ్లుగా పరిశోధకులు పరీక్షిస్తున్నారు. పత్రికల్లో శీర్షిక మాత్రం ఎప్పుడూ ఒకటే: ‘సంగీతంతో పక్షవాతానికి చికిత్స’. ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు పనులున్నాయి. నడకకు దరువు వేయడం వేరు, చేతికి వాయిద్యం ఇవ్వడం వేరు, పోయిన మాటను పాటతో పిలవడం వేరు, మంచం మీద పడుకుని పాటలు వినడం వేరు. వాటి వెనక ఉన్న రుజువుల బలం కూడా ఒకేలా లేదు. అన్నిటినీ ఒకే గాటన కట్టడంవల్ల కొందరు అతిగా ఆశపడుతున్నారు, కొందరు మొత్తాన్నీ కొట్టిపారేస్తున్నారు.

నాకీ విషయం పుస్తకాలతో మొదలవలేదు. మా పెద్దమ్మకు ఎడమవైపు పడిపోయింది. ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు, అందుకు వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో, మందుల చీటీ చివర, ‘ఫిజియోథెరపీ చేయించుకోవాలి’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఎన్నాళ్లు, రోజుకెన్నిసార్లు, ఇంట్లో మేమేం చేయాలి? ఎవరూ చెప్పలేదు. రెండు నెలలకు లేచి, చేతికర్రతో నాలుగడుగులు వేసింది. ఆ నడకను చూడ్డానికి ముందే నేను విన్నాను. వరండా గచ్చు మీద కుడి చెప్పు టప్పున పడేది, ఎడమ చెప్పు ఈడ్చుకుంటూ వచ్చేది. పడిపోయిన కాలు బరువు మోయలేదు గనక దానిమీద నిలిచే సమయం తక్కువ, బాగున్న కాలి మీద ఎక్కువ. తాళం తెలిసినవాళ్లకు చెప్పాలంటే అది మిశ్రచాపు నడక: తకిట, తకధిమి. ఒక అడుగుకు మూడు, ఇంకో అడుగుకు నాలుగు.

ఇంటికొచ్చే ఫిజియో కుర్రాడు మొదటిరోజే వరండాలో టేపుతో పది మీటర్లు కొలిచి సుద్దతో రెండు గీతలు గీశాడు. ఆమె ఆ గీత నుంచి ఈ గీతకు రావడానికి 25 సెకన్లు పట్టింది. నిమిషానికి 60 అడుగులు. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ తెరిచి సరిగ్గా 60కి పెట్టాడు. ‘అమ్మా, కాలు చూసుకోవద్దు. దెబ్బ వినండి, దెబ్బకొక అడుగు’ అన్నాడు. అంతే. మందు లేదు, మిషను లేదు. ఈ పద్ధతికి వైద్యంలో ఉన్న పేరు రిథమిక్ ఆడిటరీ స్టిమ్యులేషన్.

దీన్ని పద్ధతిగా నిలబెట్టినవాడు మైకేల్ థాట్. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1997లో ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించాడు. పక్షవాతం వచ్చిన 20 మందిని రెండు జట్లు చేసి ఆరు వారాలపాటు రోజుకు రెండుసార్లు నడిపించారు. ఒక జట్టుకు దరువు ఉంది, రెండో జట్టుకు లేదు. దరువు లేనివాళ్ల నడక వేగం 107 శాతం పెరిగితే ఉన్నవాళ్లది 164 శాతం పెరిగింది. ఈ రెండు అంకెల్లో నాకు ముఖ్యంగా కనిపించేది మొదటిది. దరువు లేకపోయినా, నడిపిస్తే నడక బాగుపడుతుంది. దరువు దానిమీద అదనం. ఈ సంగతి మరిచి రాసిన వార్తలే ఎక్కువ.

2007లో ఇంకాస్త పెద్ద పరీక్ష చేశారు. జర్మనీలో, అమెరికాలో కలిపి 78 మంది, మూడు వారాలు. ఈసారి పోటీగా పెట్టింది ఖాళీ నడక కాదు, ఫిజియోథెరపీలో పేరున్న బోబాత్ పద్ధతిని. దరువు జట్టు నిమిషానికి 13 మీటర్లు ఎక్కువ వేగం అందుకుంది, నిమిషానికి 19 అడుగులు ఎక్కువ వేసింది. 2017లో కాక్రేన్ సంస్థ మెదడు దెబ్బతిన్నవాళ్లకు సంగీతంతో చేసే చికిత్సలన్నిటి మీదా వచ్చిన 29 పరీక్షల్ని, 775 మంది వివరాల్ని ఒకచోట చేర్చి చూసింది. అందులో నడక మీద దొరికిన సగటు లాభం నిమిషానికి 11 మీటర్ల పైచిలుకు.

పదకొండు మీటర్లంటే ఎంత? నడక వేగాన్నిబట్టి పక్షవాత రోగి బతుకు ఎంత మేర విస్తరిస్తుందో చెప్పే లెక్క ఒకటి ఫిజియోథెరపీలో వాడుకలో ఉంది. సెకనుకు 0.4 మీటర్ల లోపు నడిచేవారు ఇంటికే పరిమితం. 0.8 దాటితే వీధిలో, బజారులో తమంతట తాము తిరగగలరు. మధ్యలో ఉన్నవారు గడప దాటుతారు గానీ దూరం పోలేరు. నిమిషానికి 11 మీటర్లంటే సెకనుకు దాదాపు 0.19. ఇల్లు దాటలేనివారిని ఆ లాభం పక్కింటి దాకా తీసుకెళ్లవచ్చు. చిన్నదే, కానీ కూరగాయల బండి దగ్గరికి తనంతట తాను వెళ్లి బేరమాడాలని ఏడాదిగా ఎదురుచూస్తున్న మనిషికి అది చిన్నది కాదు.

ఎందుకు పనిచేస్తుంది? చెవి నుంచి వచ్చే నాడీమార్గానికి మెదడు కాండం దగ్గర, వెన్నుపాములోని కదలిక నాడులతో దగ్గరి సంబంధం ఉంది. పెద్ద చప్పుడుకు మనం ఉలిక్కిపడేది ఆ దారినే. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. సమంగా పడే దరువును ఊరికే కూర్చుని విన్నా, వేలైనా కదపకపోయినా, మెదడులో కదలికను నడిపే ప్రాంతాలు మేలుకుంటాయని స్కానింగుల్లో కనబడింది. దరువుకున్న గుణం, తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలియడం. ఆ ఎదురుచూపులో మెదడు అడుగును ముందుగా సిద్ధం చేసుకుంటుంది. కాలు నేలను తాకే క్షణం ఒక్కటే కాదు, ఎత్తడం, సాచడం, దించడం, ఆ మధ్య దారంతా సర్దుకుంటుంది. తలుపు చప్పుడులా ఎప్పుడో ఒకసారి వినబడే శబ్దానికి ఈ శక్తి లేదు. మన ఆలోచనకు అందనంత స్వల్పంగా దరువు వేగం మార్చినా వేలితో తాళం వేసేవాళ్ల చెయ్యి దాన్ని పట్టుకుని సర్దుకుంటుందని థాట్ బృందమే చూపించింది. అంటే ఇది బుద్ధితో విని పాటించే ఆజ్ఞ కాదు. దెబ్బతిన్న మెదడులో కూడా చాలామందికి ఈ దారి మిగిలి ఉండటమే ఇక్కడి అదృష్టం.

ఇక్కడొక జాగ్రత్త. దరువును మొదట మనిషి సొంత వేగానికి సరిపెట్టాలి. కాలు అందుకున్నాక ఐదు శాతం చొప్పున పెంచాలి. ఆ తర్వాత మధ్యమధ్య దరువు ఆపి, నడక నిలుస్తుందా అని చూడాలి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. వేగం తొందరపడి పెంచితే పడిపోతారు. పక్షవాతం వచ్చిన మనిషి పడితే తుంటి ఎముక విరగడం, మళ్లీ మంచం. పక్కన మనిషి లేకుండా, ఫిజియో చూడకుండా ఈ పని మొదలుపెట్టవద్దని ప్రాధేయపడుతున్నాను.

ఇదే పద్ధతిని యంత్రానికి అప్పగించే ప్రయత్నం అమెరికాలో జరిగింది. మెడ్‌రిథమ్స్ అనే కంపెనీ తయారుచేసిన ఇన్‌టాండెమ్‌లో బూట్లకు తగిలించే సెన్సర్లు, హెడ్‌ఫోన్, ఒక తెర ఉంటాయి. సెన్సర్లు నడకను కొలుస్తాయి, దానికి తగ్గట్టు పాట వేగం తనంతట తానే మారుతుంది. పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటిన 87 మంది మీద జరిగిన పరీక్ష 2024లో వచ్చింది. వారానికి మూడుసార్లు అరగంట, ఐదు వారాలు. వాడినవాళ్ల వేగం సెకనుకు సగటున 0.14 మీటర్లు పెరిగింది, మామూలుగా నడిచినవాళ్లది 0.02. ఆరు నెలలు దాటితే ఇక మార్పు రాదని ఎంతోమంది కుటుంబాలకు చెప్పి పంపేస్తుంటారు. ఆ మాట తప్పని చూపించినందుకే ఈ పరీక్ష నాకు ముఖ్యం.

చేతి సంగతి ఇంత తేలిగ్గా లేదు. జర్మనీలో ఎకార్ట్ ఆల్టెన్‌ముల్లర్, థామస్ మ్యుంటె తదితరులు 2007లో ఒక పద్ధతి తెచ్చారు. ఎలక్ట్రానిక్ పియానో మీద ఎనిమిది తెల్ల మెట్లు, ఎనిమిది డ్రమ్ ప్యాడ్లు. డ్రమ్ములు మోచేతికీ భుజానికీ, మెట్లు వేళ్లకు. సంగీతమంటే ఏమీ తెలియనివాళ్లే అందరూ. మూడు వారాల్లో 15 సార్లు, అరగంట చొప్పున సాధన. వేళ్ల చురుకు, కదలికలోని నునుపు బాగా పెరిగాయి. అయితే వాళ్లు చేసిన ఈ సాధన మామూలు చికిత్స మీద అదనంగా చేసినది. పోల్చిన జట్టుకు ఆ అదనపు గంటలు లేవు. ఎక్కువసేపు చెయ్యి వాడినవాళ్లకు ఎక్కువ బాగైంది అనుకోవడానికి అక్కడ చోటుంది.

ఆ చిక్కును విప్పింది 2018లో బార్సిలోనాలో జరిగిన పరీక్ష. 40 మంది రోగులు, రెండు జట్లకూ సమానమైన గంటలు. ఒకరికి వాయిద్యం, ఒకరికి మామూలు వ్యాయామం. రెండు జట్లూ బాగుపడ్డాయి. చేతి కదలికలో వాటి మధ్య తేడా కనబడలేదు. కానీ ఆ పరిశోధకులు మరో సంగతి గమనించారు: సంగీతం నుంచి ఎంత ఆనందం పొందగల స్వభావం ఉంటే వాయిద్య సాధనతో అంత ఎక్కువ మెరుగు. నా మటుకు చేతి చికిత్సలో సంగీతం చేసే పని ఇదే. అది కండరానికి మందు కాదు, విసుగుకు మందు. గోళీలు ఏరి డబ్బాలో వేయమంటే ఇరవైసార్లకు విసిగిపోయే మనిషి, కంజీర మీద అదే కదలిక రెండొందలసార్లు చేస్తాడు. పాట అంటే పడని మనిషికి మాత్రం గోళీలే మేలు.

ఇక మాట. చదవడానికి ఆశ్చర్యంగా ఉండే కథలు ఇక్కడే ఎక్కువ, జాగ్రత్త పడాల్సిందీ ఇక్కడే. 18వ శతాబ్దంలో స్వీడన్‌లో ఓలోఫ్ దాలిన్ ఒక మనిషి గురించి రాశాడు. కుడివైపు పడిపోయి, మాట పోయిన ఆ మనిషి, అంతకుముందు వచ్చిన భక్తి గీతాల్ని మాత్రం తప్పులేకుండా పాడేవాడట. మన ఇళ్లలోనూ దీన్ని చూసినవాళ్లున్నారు. మంచినీళ్లని అడగలేని తాతగారు రామనామం మొదలుపెడితే అందుకుంటారు, ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెడతారు, కోపమొస్తే ఒక తిట్టు స్పష్టంగా వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి ‘మాట వచ్చేసింది’ అని సంబరపడి, మర్నాటికి నీరసపడతారు. కంఠతా వచ్చినది బయటికి రావడం వేరు, మనసులో అనుకున్నది మాటగా కట్టడం వేరు. మెదడులో వాటి దారులు వేరు.

ఈ రెండు దార్ల మధ్య వంతెన కట్టవచ్చని 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ ప్రతిపాదించారు. దాని పేరు మెలొడిక్ ఇంటొనేషన్ థెరపీ. చిన్న వాక్యాన్ని రెండే స్వరాల్లో, ఒకటి పైది ఒకటి కిందిది, సాగదీసి పాడతారు. ఒక్కో అక్షరానికి రోగి ఎడమ చేతితో బల్ల మీద ఒక దెబ్బ. మొదట చికిత్సకుడు పాడతాడు, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత చికిత్సకుడు మధ్యలో ఆగిపోతాడు, చివరికి పాట పోయి మాట మిగలాలి. గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ బృందం 2009లో ఆరుగురు రోగుల మెదళ్లను చికిత్సకు ముందూ తర్వాతా స్కాన్ చేసి, కుడి అర్ధభాగంలో వినికిడినీ పలుకునూ కలిపే నాడీపోగులు పెరిగినట్టు చూపించింది. ఎడమ మెదడు చేయలేని పనికి కుడి మెదడు సాయం వస్తుందన్న ఊహకు అది బలం ఇచ్చింది.

కానీ 2011లో లైప్జిగ్‌లో బెంజమిన్ స్టాల్, అతని సహచరులు అడిగిన ప్రశ్న మరీ పదునైనది. పాటలో పనిచేస్తున్నది రాగమా, లయా? మాట పోయిన 17 మంది చేత అవే పదాల్ని ఒకసారి పాడించారు, ఒకసారి లయతో పలికించారు. పాడితే అదనంగా ఒరిగింది లేదు. లయ మాత్రం సాయపడింది, మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా దెబ్బతిన్నవాళ్లకు మరీ ఎక్కువగా. పైగా ఎంతో అలవాటైన మాటలు అందరికీ తేలికగా వచ్చాయి. నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలు ఇంకో హద్దు చూపించాయి. పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో ఉన్న 27 మందితో చేసిన పరీక్షలో ఫలితాలు ఆశ కలిగించాయి. ఏడాది దాటినవాళ్లలో మాత్రం నేర్పిన వాక్యాలు వచ్చాయే తప్ప ఆ మేలు మిగతా మాటలకు పాకలేదు. అంటే ‘నీళ్లు కావాలి’ అని నేర్పితే అదే వస్తుంది. అది కూడా తక్కువేం కాదు. ఒక్క వాక్యం లేక దాహంతో సైగలు చేసే మనిషికి ఆ ఒక్క వాక్యం విలువ తెలుసు. కానీ మాట మొత్తం తిరిగొచ్చిందని ఎవరినీ నమ్మించకూడదు.

ఇక్కడ తెలుగువాళ్లం సొంతంగా ఆలోచించాల్సిన చోటుంది. ఈ పద్ధతి ఇంగ్లిష్ పలుకుబడి మీద కట్టింది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఊనిక పడి పైకి లేస్తుంది, మిగతావి అణిగిపోతాయి. పైస్వరం, కిందిస్వరం అలా వచ్చాయి. తెలుగు అలా నడవదు. మన మాట నడిచేది గురు లఘువుల మీద, అక్షరం పట్టే కాలం మీద. ‘నీళ్లు కావాలి’ తీసుకోండి. గురువు, లఘువు, గురువు, గురువు, లఘువు. రగణం మీద ఒక గలం, మొత్తం ఎనిమిది మాత్రలు. ‘నొప్పిగా ఉంది’ తీసుకోండి. సరిగ్గా అదే నడక, అవే ఎనిమిది మాత్రలు. ఒక మూస నోటికి పడితే రెండో వాక్యం అదే మూసలో దిగుతుంది. ఒక ఆది తాళపు ఆవర్తనంలో రోగికి అవసరమైన వాక్యాల్ని ఇలా మాత్రల లెక్కన జతలు జతలుగా కూర్చుకోవచ్చు. రాగంకంటే లయే పనిచేస్తోందన్న స్టాల్ ఫలితం నిజమైతే, కాలాన్ని కొలిచే ఛందస్సు ఉన్న భాషకు ఇది కలిసొచ్చే విషయం. ఫ్రెంచి, పర్షియన్ భాషలవాళ్లు ఈ చికిత్సను తమ పలుకుకు తగ్గట్టు మార్చుకున్నారు. తెలుగులో ఆ పని చేయడానికి ఒక స్పీచ్ థెరపిస్టు, ఛందస్సు తెలిసిన ఒక మాస్టారు ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు మొదలవుతుంది.

వినడం గురించి క్లుప్తంగా. 2008లో హెల్సింకిలో టెప్పో సార్కమో బృందం 54 మంది రోగుల్ని గమనించింది. కొందరు రోజుకు గంటైనా తమకిష్టమైన పాటలు విన్నారు, కొందరు ఆడియో పుస్తకాలు, కొందరు ఏమీ వినలేదు. పాటలు విన్నవాళ్లలో మాటల జ్ఞాపకశక్తి, దృష్టి నిలపడం మెరుగ్గా తేరుకున్నాయి, దిగులు తగ్గింది. ఖర్చు లేనిది, ప్రమాదం లేనిది, తొలి వారాల నుంచే చేయగలిగింది. ఆస్పత్రి వార్డులో గోడనున్న టీవీ హోరుకు బదులు రోగి చెవికి తనకిష్టమైన ఘంటసాలో, బాలమురళో వినిపిస్తే పోయేదేమీ లేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పక్షవాతం తర్వాత కొందరికి, ముఖ్యంగా కుడి మెదడు దెబ్బతింటే, పాట పాటగా వినబడదు. చప్పుడులా, అపశ్రుతిలా ఉంటుంది. ‘ఆపెయ్యండి’ అంటే ఆపెయ్యాలి.

ఏ రాగం పెట్టాలి అని నన్ను చాలామంది అడిగారు. ఫలానా రాగం ఫలానా జబ్బుకని చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. నేను పైన చెప్పిన పరీక్షల్లో దేనిలోనూ రాగం పేరు మీద ఫలితం రాలేదు. నడకకు కావలసింది రెండు కాళ్లకు సరిపడే సమమైన దెబ్బ, తగిన వేగం. చెక్కభజన పాట, కోలాటం పాట అందుకు చక్కగా సరిపోతాయి. ఆలాపన సరిపోదు, అది ఎంత గొప్ప విద్వాంసుడిదైనా సరే.

అంతా ఇంట్లోనే, ఇంటివాళ్లే చేసేయవచ్చా? మన దేశంలోనే దీనికి గట్టి సమాధానం ఒకటి వచ్చింది. అటెండ్ అనే పరీక్షలో 14 ఆస్పత్రుల నుంచి 1250 మంది రోగుల్ని తీసుకుని, సగం మంది కుటుంబసభ్యులకు పునరావాస పద్ధతులు నేర్పి పంపారు. 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత రెండు జట్లలోనూ 47 శాతం మంది చనిపోయారు లేదా పరాధీనంగా ఉన్నారు. తేడా లేదు. ఇది చదివిన రోజు నాకు చాలా బాధేసింది. ఇంటివాళ్ల ప్రేమకు లోటని కాదు దీని అర్థం. కొన్ని గంటల శిక్షణ ఇచ్చి, మనిషిని వాళ్ల మీద వదిలేస్తే సరిపోదని అర్థం. కాబట్టి ఫోన్లో మెట్రోనోమ్ ఉంది గదా అని ఫిజియోను మానిపించే ఆలోచన చేయకూడదు. ప్రభుత్వాలు కూడా ఆ సాకుతో ఫిజియోల నియామకం దాటవేయకూడదు. జిల్లా ఆస్పత్రి స్థాయిలో నడక కొలిచి, దరువు పెట్టి, వారానికొకసారి సరిచూసే మనిషి కావాలి.

ఇలాంటి పరిశోధన ఇక్కడ జరగదనుకోవడానికీ వీల్లేదు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్, వారి సహచరులు 608 మంది పక్షవాత రోగుల్ని గమనించి, రెండు భాషలు వచ్చినవాళ్లలో 40 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిస్తే ఒకే భాష వచ్చినవాళ్లలో ఆ లెక్క 20 శాతమేనని 2016లో ప్రచురించారు. ప్రపంచమంతా ఉదాహరించే పని అది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన నగరమే అందుకు ప్రయోగశాల అయింది. చెక్కభజన దరువుకు నడక, మాత్రల లెక్కకు మాట, ఈ రెండూ అదే ఊళ్లో పరీక్షకు రావాలని నా కోరిక.

పెద్దమ్మ వరండా గోడకున్న క్యాలెండరులో ప్రతి ఆదివారం గడిలో ఫిజియో పెన్సిలుతో సెకన్లు రాసేవాడు. 25, 24, 24, 22. మూడో వారంలో మెట్రోనోమ్ టకటక విసుగనిపించి, చిన్నప్పుడు రామాలయంలో నేర్చిన చెక్కభజన పాట ఎత్తుకుంది. ఆ పాట ఎవరి దగ్గరా రికార్డు లేదు. వాళ్లమ్మాయి పక్కన చెక్కలు వాయిస్తే ఫిజియో ఫోన్లో వేగం సరిచూసి, 66 దగ్గర పట్టుకోమన్నాడు. ఆరో ఆదివారానికి 18. ఒక్కరి నడకనుబట్టి ఏదీ తేల్చకూడదు, రోజులు గడిస్తే కొంత దానంతటదే బాగవుతుంది. కానీ వరండాలో వినబడే చప్పుడు మారింది. తకిట పోయి తకధిమి తకధిమి దగ్గరికి వచ్చింది. ఏడో వారం జ్వరం వచ్చి అంకె మళ్లీ 21కి పోయింది. ఫిజియో క్యాలెండరు చూసి, ‘ఈవారం 63కి దిగుదాం అమ్మా’ అన్నాడు. వాళ్లమ్మాయి చెక్కలు తీసుకుంది.